మోకాలి పైన పెట్టని కరెంటు

ముప్పై రెండేళ్ళు మనుషుల నరాల మీద కరెంటు పెట్టి బతికాను. ఈ మాట చెప్పగానే చాలామంది ఓ అడుగు వెనక్కి వేస్తారు. పెళ్ళిచూపుల్లో మా మావగారు కూడా వేశారు. నిజానికి అది చీమ కుట్టినంత కరెంటు. కోల్‌కతాలో ఒక పెద్ద ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, ఒక మిషను ముందు కూర్చుని, వచ్చినవాళ్ళ చేతికో కాలికో ఒకచోట చిన్న షాకు ఇచ్చి, ఇంకోచోట అది ఎంతసేపటికి చేరిందో, ఎంత బలంగా చేరిందో చూడటం నా పని. నేను డాక్టర్ని కాను, టెక్నీషియన్ని. డాక్టరు రాసే నిర్ణయానికి కావలసిన అంకెలు అందించేవాణ్ణి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. ఇప్పటి మిషన్లు అంకెలు తామే లెక్కకట్టి తామే అచ్చు వేస్తాయి కాబట్టి పని తేలికైపోయిందని వాళ్ళ నమ్మకం. అంకెలు లెక్కకట్టడం ఎప్పుడూ కష్టం కాదు నాయనా. ఏ అంకె నువ్వు చూశావు, ఏ అంకె నువ్వు ఊహించావు అన్నది నిజాయితీగా విడదీయడమే కష్టం. అది ఏ మిషనూ చేసిపెట్టదు. నేను దాన్ని ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చి నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నరం అంటే ఏది

మన జనానికి నరం అంటే చాలా ఉన్నాయి. చేతి మీద నీలంగా ఉబ్బింది నరమే, మెడ పట్టేస్తే నరమే, కోపం వస్తే తెగేదీ నరమే. నా గదికి వచ్చినవాళ్ళలో సగంమంది రక్తనాళం చూపించి "ఇదే సార్, ఈ నరమే" అనేవాళ్ళు. అసలు నరం ఒంటిపైన కనబడదు. కోసి చూస్తే తెల్లటి దారం, దాని లోపల వేలకొద్దీ సన్నటి పోగులు. ఒక్కో పోగు ఒక కణానికి సాగిన తోక. వెన్నుపాము నుంచి కాలి బొటనవేలిదాకా సాగే పోగు మీటరుకి పైనే ఉంటుంది. అంత పొడుగు ఉన్నా అది ఒక్క కణమే.

నాకు ఈ పని నేర్పినది బిశ్వాస్ దా, అంటే బిశ్వాస్ అన్న. ఆసుపత్రికి రాకముందు టెలిఫోన్ లైన్లు బాగుచేసేవాడు. చదువు పెద్దగా లేదు గానీ మనిషి ఒంట్లో ఏ లైను ఎటు పోతుందో ఆయనకి తెలిసినంత నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి వారం నన్ను మిషను ముట్టుకోనివ్వలేదు. కింద టీ దుకాణానికి తీసుకెళ్ళి మట్టి ముంతలో పొగలు కక్కే టీ నా చేతిలో పెట్టాడు. చురుక్కుమని చెయ్యి వెనక్కి లాగాను. ముంత పగిలింది.

"నొప్పి ముందు తెలిసిందా, చెయ్యి ముందు వెనక్కి వచ్చిందా?" అని అడిగాడు.

ఆలోచిస్తే చెయ్యే ముందు వచ్చింది. అమ్మో అనుకున్నది తర్వాత. అక్కడే, బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి బొమ్మ గీసి చెప్పాడు. పైన మెదడు, దాని కింద వెన్నుపాము, అక్కడినుంచి ఒళ్ళంతా నరాలు. చర్మం మీది కబురు లోపలికి మోసే పోగులు వేరు, కండకి ఆజ్ఞ మోసే పోగులు వేరు. రెండూ ఒకే కట్టలో పక్కపక్కనే పోతాయి కానీ ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు. చెయ్యి కాలిందన్న కబురు వెన్నుపాముకి చేరగానే, మెదడుని అడగకుండానే అది చేతిని లాగేస్తుంది. మెదడుకి కబురు తర్వాత వెళుతుంది. ఇవి కాక గుండెనీ పేగుల్నీ చెమటనీ నడిపించే శాఖ ఇంకొకటి ఉంది. అది మన అనుమతి ఎప్పుడూ అడగదు.

కబురు ఎలా పోతుందన్నది తర్వాత మా డాక్టర్ లాహిరి చెప్పింది. పోగు లోపలికీ బయటికీ మధ్య ఎప్పుడూ చిన్న విద్యుత్తు తేడా ఉంటుంది. కదిలించగానే బయటి సోడియం లోపలికి దూసుకొస్తుంది, ఆ వెంటనే లోపలి పొటాషియం బయటికి పోతుంది. ఆ కదలిక పక్క ముక్కని కదిలిస్తుంది, అది దాని పక్కదాన్ని. వేగంగా పోయే పోగులకి పైన కొవ్వు తొడుగు ఉంటుంది. తొడుగు మధ్యలో అక్కడక్కడా ఖాళీలు. కబురు ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుకుంటూ పోతుంది కాబట్టి సెకనుకి యాభై మీటర్ల పైనే అందుకుంటుంది. తొడుగు దెబ్బతింటే నెమ్మదిస్తుంది, ఇంకా దెబ్బతింటే అక్కడే ఆగిపోతుంది. కండ దాకా చేరాక పోగుకీ కండకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. కరెంటు దాన్ని దాటలేదు. పోగు చివర ఒక రసాయనాన్ని వదులుతుంది, కండ దాన్ని అందుకుని ముడుచుకుంటుంది. ఇంతే. మీరు ఈ పేజీ తిప్పడంలో ఇదంతా జరిగిపోయింది.

చల్లని చేతులు

నా మొదటి తప్పు చిన్నది, తొందరగా బయటపడింది. అదే నా దురదృష్టం అంటాను. చిన్న తప్పు సుఖంగా దాటిపోతే మనిషికి తల ఎగురుతుంది.

జనవరి పొద్దున బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. వేళ్ళు తిమ్మిరి. తెల్లవారుజామున లోకల్ ట్రైను తలుపు దగ్గర నిలబడి వచ్చాడు. రెండు చేతుల్లోనూ కబురు నత్తనడక నడుస్తోంది. జబ్బు పట్టుకున్నానని సంబరపడి కాగితం నింపేశాను. బిశ్వాస్ దా ఆ కాగితం కేసి చూడలేదు. గుమాస్తా చెయ్యి పట్టుకుని చూసి నాతో, "ఆగే హాత్ దే" అన్నాడు. ముందు చెయ్యి పెట్టి చూడు అని. ముట్టుకుంటే ఐసుముక్క. గోరువెచ్చటి నీళ్ళ బేసిన్‌లో చేతులు పెట్టించి, పావుగంట తర్వాత మళ్ళీ చేస్తే నరాలు పరుగెత్తాయి. చలికి నరం మందగిస్తుంది. ఆయనకి ఉన్న జబ్బల్లా చలికాలమే.

కాగితం చింపేశాను, గుమాస్తా టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మనిషిని ముట్టుకోకుండా పరీక్ష మొదలుపెట్టలేదు. నా అంత జాగ్రత్తపరుడు లేడనుకున్నాను. ఆ అనుకోవడంలోనే పదేళ్ళు గడిచాయి. బిశ్వాస్ దా రిటైరయ్యాడు, గది తాళం నా చేతికొచ్చింది.

మార్తమ్మ వదిన కాలు

మాది కోల్‌కతా పక్కనే ఉన్న సంత్రాగాఛి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరాడు. మా క్వార్టర్ల వరసలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు పది పన్నెండు ఉండేవి. ఆదివారం ఒకే చర్చి, పండక్కి ఒకే వంట. మూడు ఇళ్ళ అవతల యేసుదాసు అన్న ఉండేవాడు, యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. నన్ను తమ్ముడనేవాడు కాబట్టి ఆయన భార్య మార్తమ్మ నాకు వదిన. ఆయన గుండెపోటుతో పోయాడు. పిల్లలు చిన్నవాళ్ళు. కొన్ని నెలలకి రైల్వేవాళ్ళు మార్తమ్మకి భర్త బదులుగా ఉద్యోగం ఇచ్చారు. యార్డులో రైలుపెట్టెలు కడిగే ముఠాలో. ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ ఉద్యోగం ఉన్నంతకాలమే క్వార్టరు.

చేరిన మూడో నెలలో కుడి పాదం పైకి లేవడం మానేసింది. నడిస్తే వేళ్ళు నేలకి తగిలి తూలేది. సూపర్‌వైజరు నమ్మలేదు. సుళువు పని కోసం వేషాలంటాడు. యార్డు డాక్టరు నడుము ఎక్స్‌రే తీయించాడు, అందులో ఏమీ లేదు. నరాల పరీక్ష చేయించుకు రమ్మని చీటీ ఇచ్చి మా దగ్గరికి పంపాడు.

ఆ రోజు డాక్టర్ లాహిరి సెలవులో ఉంది. ఆడవాళ్ళని పరీక్షించేటప్పుడు గదిలో ఒక మాసి, అంటే ఆయా, ఉండాలన్నది మా నియమం. బయట ఊరేగింపు వల్ల బస్సులు ఆగిపోయి మాసి రాలేదు. గదిలో నేనూ వదినా. నా పెళ్ళిలో మా పక్కన నిలబడ్డ మనిషి. బల్ల మీద పడుకుని చీర మోకాలి కిందిదాకా జరుపుకుంది. కాలు ముట్టుకుని చూశాను, వెచ్చగానే ఉంది. పాదం మీద ఉండే చిన్న కండ దగ్గర తీగ అంటించి, చీలమండ దగ్గర కరెంటు పెట్టాను. వేళ్ళు కదిలాయి. మోకాలి కింద బయటివైపు పెట్టాను. పాదం మొత్తం పైకి ఎగిరింది.

"అదేటి బాబూ, నెగిసింది," అంది వదిన. మొహం విప్పారింది. "నాను ఎత్తితే నెగవదు. నువ్వు ముట్టుకుంటే నెగిసిందేటి?"

"నరం బాగుంది వదినా," అన్నాను.

మూడోచోటు మోకాలి పైన, వెనకవైపు. అక్కడ పెట్టాలంటే చీర ఇంకా జరపాలి. కాగితంలో మూడు గడులు ఉంటాయి: చీలమండ, మోకాలి కింద, మోకాలి పైన. నేను మూడోచోట పెట్టలేదు. భర్త పోయి ఏడాది తిరగని వదిన, మాసి లేని గది. నాకు నోరు రాలేదు. కింది రెండూ శుభ్రంగా ఉన్నాయి, పైదీ అలాగే ఉంటుందిలే అనుకున్నాను. మళ్ళీ రమ్మని చెప్పొచ్చు. గడి ఖాళీగా వదిలి, చెయ్యలేదని రాయొచ్చు. రెండూ చెయ్యకుండా ఆ గడిలో ఒక మంచి అంకె రాసేశాను. ఆరోగ్యంగా ఉన్న కాలికి ఎంత ఉంటుందో అంత.

వయసులో చిన్నవాడైన ఇంకో డాక్టరు ఆ అంకెలు చూసి, నరంలో లోపం లేదని రాసి సంతకం పెట్టాడు. ఆయన తప్పేమీ లేదు. ఎక్స్‌రే నడుము బాగుందంది, నా కాగితం నరం బాగుందంది, కండ కరెంటుకి పలికింది. ఇక మిగిలింది ఆవిడ మనసే కదా.

ఆదివారం

రెండు వారాల తర్వాత ఆరాధన అయ్యాక చర్చి వసారాలో వదిన నన్ను ఆపింది. జాకెట్టు ఒంటిమీద వేలాడుతోంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆవిడ ఎంత చిక్కిపోయిందో అప్పుడే చూశాను. అన్న పోయాక సరిగ్గా తినడం లేదని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోలేదు నేను.

"బాబూ, నీ కాయితం సూపర్‌వైజరు అందరికీ సదివి ఇనిపించినాడు. నాను నాటకమాడతన్నానంట. వొచ్చే వారం ఎంకోరీ ఎట్టినారు. పనిలోంచి తీసీత్తారంట."

"ఎవరన్నారు వదినా?"

"ఆడే అన్నాడు. ఉజ్జోగం పోతే కోటరు కాళీ సెయ్యాల. ఈ పిల్లల్ని ఎట్టుకుని నానెక్కడికి పోతాను?" గొంతు తగ్గించి, "ఒక మాట అడుగుతాను. మిషను అబద్ధం సెప్పదు గదా. మరి నిజింగా నానే ఎత్తడం నేదేటి? రేతిరంతా కూకుని నెగు నెగు అని నా కాలికి సెప్పుకున్నాను. నెగవనేదు. నాకే మతి పోతన్నాదేటో," అంది.

ఇంత వయసు వచ్చినా ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం దిగదు. సూపర్‌వైజరు ఆవిడని దొంగ అన్నాడు. నేను అంతకంటే ఘోరం చేశాను. తన కాలు తన మాట వినడం లేదని స్పష్టంగా తెలిసిన మనిషిని, తనని తానే అనుమానించుకునేలా చేశాను. ఆవిడ నమ్మింది మిషన్ని కాదు, మిషను ముందు కూర్చున్న సొంత మనిషిని.

వసారాలోంచి ఇంటికి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే డాక్టర్ లాహిరి గదికి వెళ్ళి నిలబడ్డాను. సెలవు నుంచి ఆ రోజే వచ్చింది. పొట్టి మనిషి, కళ్ళజోడు తాడుకి కట్టుకుని మెడలో వేసుకునేది. గట్టిగా అరవడం ఎప్పుడూ చూడలేదు. జరిగింది చెప్పాను. మోకాలి పైన పెట్టలేదని, గడి నింపానని.

కళ్ళజోడు పెట్టుకుంది. "డానియల్, లైను తెగిన చోటుకి కిందినుంచి కొడితే ఏమవుతుంది?"

"కింది తీగ బాగానే ఉంటుంది కాబట్టి పలుకుతుంది మేడమ్."

"అది నీకు తెలుసు కదా. బిశ్వాస్ దా చెప్పాడే, చలి చేతుల గుమాస్తా, అది నువ్వు తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది." తర్వాత కాగితం పెన్ను నా ముందుకి తోసింది. "ఆవిడ ఏ పని చేస్తుంది?"

"పెట్టెలు కడుగుతుంది."

"ఎలా? నిలబడా, వంగా, కూర్చునా?"

నాకు తెలియదు. మూడు ఇళ్ళ అవతల ఉండే మనిషి ఎలా కూర్చుని పని చేస్తుందో నాకు తెలియదు. ఆవిడనీ, మాసినీ రేపు పిలిపించమంది. కొత్త కాగితం రాసి పంపేస్తే సరిపోతుందేమోనని నసిగాను. తల అడ్డంగా ఊపింది. "ఎంక్వయిరీవాళ్ళ దగ్గర రెండు కాగితాలు ఉంటాయి. వాళ్ళకి నచ్చింది నమ్ముతారు. మొదటిది తప్పని నువ్వే రాయాలి, నువ్వే వెళ్ళి చెప్పాలి."

ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. పోలేదు. ఆ తర్వాత చాలాకాలం నా ప్రతి పరీక్షలోనూ ఎవరో ఒకరు పక్కన నిలబడి చూశారు. అది నాకు తగినదే.

నాలుగు వేళ్ళ మేర

మంగళవారం మార్తమ్మ వదిన బల్ల మీద పడుకుంది. మాసి తెర లాగింది. డాక్టరు కుర్చీ వేసుకుని నా పక్కనే కూర్చుంది. నేను నేల చూపులు చూస్తూ, "వదినా, కొంచెం పైదాకా..." అని మింగాను.

"ఏటి పైదాకా?"

"మోకాలి పైన పెట్టాల. పోయినసారి పెట్టలేదు."

"ఎందుకెట్టనేదు?"

నా మొహం చూసి ఆవిడకి అర్థమైంది. లేచి కూర్చుని, తనే చీర మోకాలి పైకి ఎత్తి దోపుకుంది. "రైలుపెట్టె కింద కూకుని తోమితే రోజూ సీర ఈడకే ఉంటాది. ముఠాలో ఇరవై మంది సూత్తారు. నువ్వేటి బాబూ ఇంత సిగ్గుపడిపోనావు?"

మాసికి తెలుగు రాదు కానీ నవ్వింది. వదిన మాట బెంగాలీలో చెప్పాను, డాక్టరు నవ్వలేదు. "కూర్చుని తోముతుందని అంటోందా? ఎంతసేపో అడుగు."

అడిగాను. గొంతుక్కూర్చుని, మోకాళ్ళు పూర్తిగా మడిచి, పూట పూటంతా. ముఠాలో అందరూ అంతే, కానీ అలవాటున్నవాళ్ళు మధ్యమధ్య లేచి నిలబడతారు. కొత్తగా చేరిన విధవ మనిషి, లేస్తే ఏమంటారోనని లేచేది కాదు.

చీలమండ దగ్గర పెడితే మిషను తెర మీద అల బాగా లేచింది. మోకాలి కింద బాగా లేచింది. మోకాలి పైన పెట్టాను. గీతకి అతుక్కుపోయిన చిన్న మడత తప్ప ఏమీ లేదు. పాదం కదలలేదు. కరెంటు పెంచాను, అయినా అంతే. మళ్ళీ కింద పెడితే ఎగిరింది. పైకి కిందికి మధ్య నాలుగు వేళ్ళ దూరం. కబురు అక్కడ ఆగిపోతోంది.

డాక్టరు తన వేలితో వదిన మోకాలి బయటివైపు ఎముక గుబ్బని తడిమి నా వేలు అక్కడ పెట్టించింది. పాదాన్ని లేపే నరం అక్కడ ఎముకని చుట్టుకుని చర్మం కిందినుంచే పోతుంది. కాస్త ఒళ్ళున్న మనిషికి అక్కడ కొవ్వు మెత్తగా కాపాడుతుంది. నెలల తరబడి తిండి మాని ఎముకలైపోయిన మనిషికి ఆ మెత్తదనం పోయింది. దాని మీద పూటంతా గొంతుక్కూర్చుంటే నరం నలుగుతుంది. సన్నటి సూదితో కండని కూడా పరీక్షించి, లోపలి పోగులు చాలావరకు బతికే ఉన్నాయంది. నలిగింది తొడుగు. ఒత్తిడి తీసేస్తే కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. నిలబడి చేసే పని ఇవ్వాలి, పాదం వాలకుండా పట్టీ కట్టాలి, అన్నిటికంటే ముందు అన్నం తినాలి.

ఇదంతా తెలుగులో చెప్పాను. వదిన కాలి కేసి చూసింది.

"ఐతే నానాడింది నాటకం కాదన్నమాట."

"కాదు వదినా."

చీర కిందికి లాక్కుని, మాసి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అన్న పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవగా నేను చూడలేదు.

ఎంక్వయిరీ

యార్డు ఆఫీసు గదిలో బల్ల అవతల విచారణ అధికారి, ఆ పక్కన సూపర్‌వైజరు. ఇవతల మార్తమ్మ వదిన, యూనియన్ మనిషి ఒకడు, నేను. యూనియన్ మనిషి ఉపన్యాసానికి సిద్ధమై వచ్చాడు గానీ అవసరం పడలేదు. అధికారి డాక్టర్ లాహిరి ఉత్తరం, కొత్త అంకెలు, నా రాతపూర్వకమైన ఒప్పుకోలు చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత సూపర్‌వైజరు కేసి తిరిగి, అభియోగం నిలవదని, ఈవిడ ఉద్యోగంలోనే ఉంటుందని, కాలు బాగయ్యేదాకా నిలబడి చేసే పని ఇవ్వాలని చెప్పాడు. సూపర్‌వైజరు సరేనన్నాడు. వదిన చేతులు జోడించింది. నా గుండె మీది బరువు దిగిపోయింది.

అధికారి పెన్ను మూత పెట్టబోయి, ఫైలులో రాయడానికని నన్ను బెంగాలీలో ఒక మాట అడిగాడు. "దాదా, అన్నీ తెలిసినవాళ్ళు, ఆ మూడోచోటు ఎందుకు వదిలేశారు?"

"మాకు వదిన వరస సార్. భర్త పోయిన మనిషి. గదిలో ఇంకెవరూ లేరు. ఆవిడ మర్యాద కోసం వదిలేశాను."

అధికారి మొహం మెత్తబడింది. మంచి కుటుంబంలోంచి వచ్చారు, అలా అనిపించడం సహజమే అన్నాడు. ఆ మాటే ఫైలులో రాయడం మొదలుపెట్టాడు. సూపర్‌వైజరు కూడా తల ఊపాడు. నిజం చెప్పొద్దూ, నాకు బాగుంది. తప్పు చేసినవాడిగా గదిలోకి వచ్చి, మర్యాదస్తుడిగా బయటికి వెళ్ళబోతున్నాను.

"ఏటంతన్నాడు?" అని వదిన నన్ను అడిగింది. ఆవిడకి బజారు బెంగాలీ వచ్చు గానీ ఆఫీసు బెంగాలీ అంతగా అందదు.

చెప్పాను.

"నా మరేద కోసమని రాసుకుంతన్నాడా?"

"అవును వదినా."

"కాదని సెప్పు." గొంతు పెంచలేదు. "మరేదంటే నన్నడగాల. కాలు నాది, ఉజ్జోగం నాది. ఎత్తుతావా మానీస్తావా అని ఒక్క మాట అడిగితే నానే ఎత్తుదును. నువ్వడగనేదు. నీకు నువ్వే అనుకున్నావు. నీ సిగ్గుకి నా పేరెట్టకు."

అధికారి పెన్ను ఆపి నా కేసి చూశాడు. "ఏమంటున్నారు?"

గదిలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. "ముందే తనని అడిగి ఉంటే బాగుండేదని అంటున్నారు సార్," అన్నాను.

వదిన నా మొహం నుంచి చూపు తిప్పలేదు. "నానింత సెప్తే నువ్వంతే సెప్పినావేటి?"

తల దించుకున్నాను. తర్వాత ఆవిడ అన్న ప్రతి ముక్కనీ బెంగాలీలో మళ్ళీ చెప్పాను. కాలు నాది, ఉద్యోగం నాది అన్నది చెప్పాను. నన్ను అడగలేదు, నీకు నువ్వే అనుకున్నావు అన్నది చెప్పాను. నీ సిగ్గుకి నా పేరు పెట్టకు అన్న చివరి మాటా చెప్పాను. అధికారి తను రాసిన వాక్యాన్ని గీత పెట్టి కొట్టేసి, దాని కింద ఆవిడ మాటని ఆవిడ మాటగానే రాసుకున్నాడు.